చెయ్యి చాచిన కొత్త మనిషికి ఇవ్వాలా, వద్దా? ఆసుపత్రి రోడ్డు మందుల షాపు నుంచి ఒక మార్గదర్శి

"బాబూ, మీరు తెలుగువాళ్ళేనా?"

ఒడిశాలోని బరంపురంలో, పెద్దాసుపత్రి రోడ్డులో నాకో మందుల షాపు ఉంది. ఈ ప్రశ్న వినకుండా వారం గడవదు. మాత్రలు ఏ పూట వేసుకోవాలో ఒడియాలో చెబితే అర్థంకాక అడిగేవాళ్ళు కొందరు. డబ్బు అడగబోయే ముందు అడిగేవాళ్ళు కొందరు. ఆంధ్ర వైపు ఇచ్ఛాపురం ఇక్కడికి పాతిక కిలోమీటర్లు. కవిటి, సోంపేట నుంచి, ఇటు పర్లాకిమిడి, మోహన వైపు నుంచి కూడా జబ్బు ముదిరితే ఇక్కడికే తెస్తారు. కాబట్టి నిజమైన కష్టం ఈ రోడ్డు మీద రోజూ నడుస్తుంది. దాని వేషం వేసుకున్నవాళ్ళూ నడుస్తారు.

చుట్టూ ఒడియా వినబడుతున్నచోట మన మాట చెవిన పడితే మనసు ఇట్టే మెత్తబడిపోతుంది. ఈ సంగతి అవసరంలో ఉన్నవాడికీ తెలుసు, నాటకమాడేవాడికీ తెలుసు. తెలుగు మాట్లాడాడని నమ్మేయకండి. అలాగని మాటలో ఒడియా కలిసిందనో, సవర తెగ మనిషి వచ్చీరాని తెలుగులో అడిగాడనో అనుమానించకండి. ఆ లెక్కన మా ఇంట్లో ఎవరినీ నమ్మకూడదు. మేం ఉప్పు అడిగేది తెలుగులో, పోట్లాడుకునేది ఒడియాలో.

నేను మోసపోయాను. మోసం అనుకుని నిజమైనవాళ్ళను పంపేసిన రోజులూ ఉన్నాయి. రెండూ కలిసి నేర్పిన పద్ధతి ఇది. మొహం చూసి మనిషిని తూచడం మానేసి, అడుగుతున్న అవసరాన్ని తూచడం.

మొదటి పని: ఎంత ఇస్తారో ముందే తేల్చుకోండి

ఈ పని అడిగేవాడు ఎదురుగా లేనప్పుడు చెయ్యాలి. నా గల్లాపెట్టె పక్కన పాత హార్లిక్స్ సీసా ఉంటుంది. నెల మొదట్లో అందులో ఆరువందలు వేస్తాను. చేతికి నగదు ఇస్తే మనిషికి వంద దాటదు. సీసా ఖాళీ అయితే "ఈ నెల అయిపోయింది అన్నా" అని చెబుతాను, అది నిజం కూడా. మీ సీసాలో ఎంత ఉండాలన్నది మీ సంసారం సంగతి. కానీ అంకె ముందే ఉంటే, ఎదుటివాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నప్పుడు మీరు లెక్కలు వెయ్యక్కర్లేదు. పోతే పోయే డబ్బు ఎంతో ముందే తెలుసు కనుక ఆ రాత్రి టెన్షన్ కూడా ఉండదు.

రెండో పని: తొందరలోంచి బయటికి రండి

"ఇంకో పది నిమిషాల్లో రైలు", "డాక్టరు ఇప్పుడే తెమ్మన్నాడు". తొందర నిజమే కావచ్చు, కానీ మోసానికి అదే ఆయువుపట్టు. పర్సు తియ్యకుండా "రా, కూర్చో, మంచినీళ్ళు తాగు" అనండి. నిజంగా అలసిన మనిషి కూర్చుంటాడు, గ్లాసెడు నీళ్ళు గటగటా తాగేస్తాడు. కథ చెప్పడానికి వచ్చినవాడు నిలబడే చెబుతాడు, మధ్యలో రోడ్డు వంక చూస్తుంటాడు.

ఇది తిరుగులేని గుర్తేమీ కాదు. ఐసీయూలో మనిషిని పెట్టుకుని వచ్చినవాడు కూడా కూర్చోలేడు. అందుకే మూడో పని ఉంది.

ఒక జాగ్రత్త. చీకటి పడ్డాక "మా ఆవిడ అక్కడ కూర్చుంది, వచ్చి చూడండి" అంటే సందుల్లోకి వెళ్ళకండి. సాయం నలుగురూ తిరిగే వెలుతురులోనే చెయ్యండి.

మూడో పని: చప్పటి ప్రశ్నలు అడగండి

పోలీసులా నిలదీయకండి. కథలో పెద్ద విషయం వదిలేసి చిన్న విషయం అడగండి. ఏ వార్డు? మంచం దగ్గర ఇప్పుడు ఎవరున్నారు? పొద్దున ఏం తిన్నారు? పెద్ద విషయం ఎవరైనా వల్లిస్తారు. పొద్దున తిన్నది వల్లించుకుని ఎవరూ రారు.

ఉద్దానం కిడ్నీ జబ్బు ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిన బాధ. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కూడా. "మా నాన్నకి డయాలసిస్" అని చెప్పి అడిగేవాళ్ళు అందుకే ఎక్కువ. నేను అడిగేది ఒకటే: "ఏ వారాల్లో చేస్తారు?" డయాలసిస్ ఉన్న ఇంట్లో క్యాలెండరంతా ఆ వారాల చుట్టూనే తిరుగుతుంది. "మంగళవారం, శుక్రవారం" అని మాట పూర్తవకముందే వస్తుంది. లేనివాడు "డాక్టరు చెప్పినప్పుడు" అంటాడు. రోగే ఎదురుగా ఉంటే మాత్రం చెయ్యి చూపించమనో, చొక్కా ఎత్తమనో అనకండి. మనం ఇచ్చే వంద రూపాయలకు అంత హక్కు రాదు.

తడబాటును తప్పుగా చదవకండి. రెండు రాత్రులు నిద్రలేని మనిషి తేదీలు కలగలిపేస్తాడు, ఊరి పేరు చెప్పి అల్లుడి ఊరు అంటాడు. నాకు అనుమానం కలిగించేది తడబడని కథ. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణకాలో తెలిసిన కథ. అదే మాటలతో అదే కథ పక్క టీకొట్టు దగ్గర కూడా చెప్పాడని తెలిస్తే ఇక అడగడానికి ఏమీ లేదు.

నాలుగో పని: డబ్బును వస్తువుగా మార్చండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను మునిగింది ఇక్కడే.

చంటిబిడ్డను భుజాన వేసుకుని ఒకామె షాపు ముందు నిలబడేది. మందులకు వచ్చిన కుర్రాణ్ణి పట్టుకుని "డబ్బులొద్దు అన్నయ్యా, పాలడబ్బా ఒకటి కొనిపెట్టు" అనేది. డబ్బు వద్దంటోందంటే ఎవరు కాదంటారు? అతను నాలుగువందల పైన పెట్టి డబ్బా కొనిచ్చాడు. గంట తర్వాత ఆమె తిరిగొచ్చి "బిడ్డకు పడలేదు, డాక్టరు వేరేది రాశాడు" అంటే బిల్లు చూసి డబ్బు తిరిగిచ్చాను. వారానికి మరొకరు కొనిచ్చారు, మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి డబ్బా అడుగు చూస్తే నేను అంటించిన ధర స్టిక్కరు, ఎడమ మూల వంకరగా లేచిపోయి ఉంది. మూడుసార్లూ అదే డబ్బా. ఆ మోసానికి నా కౌంటరే పనిముట్టు అని అప్పుడు తెలిసింది. సిగ్గుపడ్డాను.

ఆ రోజు నుంచి ఎవరైనా పరాయివాళ్ళకు పాలడబ్బా కొనిస్తుంటే, మూత తీసి లోపలి రేకు నేనే చింపి ఇస్తాను. సీలు తీసిన డబ్బా ఏ షాపూ తిరిగి తీసుకోదు. కొన్నాళ్ళకు మోహన దగ్గర నుంచి ఒకామె వచ్చింది. రేకు చింపుతుంటే నేను ఆమె మొహం వంకే చూస్తున్నాను. ఆమె నా వంక చూడనే లేదు. "వేన్నీళ్ళు దొరుకుతాయా బాబూ?" అని అడిగింది. ఆ పూట సీసాలోంచి కాక నా జేబులోంచి ఇచ్చాను.

మందులకూ ఇదే దారి. చీటీ చేతిలో పెట్టుకుని "ఈ మందులకు పన్నెండువందలు" అంటే, ముందు చీటీ మీద తేదీ చూడండి. ఆరునెలల కిందటి చీటీ చెమటకు మెత్తబడి, మడతల దగ్గర చిరిగి ఉంటుంది. కొనిచ్చేటప్పుడు మొత్తం కొనక్కర్లేదు, రెండు రోజులకు చాలు. షాపువాణ్ణి అట్ట కత్తిరించి ఇమ్మనండి, పేకెట్ మీద మార్కర్‌తో రోగి పేరు రాయమనండి. ఇక దాన్ని డబ్బుగా మార్చుకోవడం కుదరదు. అసలు ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ కౌంటరు దగ్గర మందులు ఉచితంగా ఇస్తారు. "అక్కడికి వెళ్ళారా?" అని అడగండి. వెళ్ళినవాడు ఏ మందు లేదన్నారో చెబుతాడు. భాష రాక వెళ్ళనివాడైతే మీరు వెంట వెళ్ళి మాట్లాడితే చాలు, డబ్బుతో పని పడదు.

టికెట్టు కథ బస్టాండులో, స్టేషన్లో ఎక్కువ. పర్సు కొట్టేశారు, విశాఖ వెళ్ళాలి, అయిదువందలు కావాలి. బరంపురం నుంచి విశాఖకు రైల్లో సుమారు 275 కిలోమీటర్లు. జనరల్ టికెట్టు వంద రూపాయల చుట్టూ ఉంటుంది. మిగతా నాలుగువందలు ఎందుకో అడగండి, జవాబు ఉండొచ్చు కూడా. టికెట్టు మీరే కౌంటర్లో తీసివ్వండి. ఇందులోనూ ఒక చిల్లు ఉంది. జనరల్ టికెట్టు కొన్న మూడు గంటల్లోపు తిరిగిస్తే మనిషికి 30 రూపాయలు కోసుకుని మిగతాది చేతికిస్తారు. రైలు దగ్గరలో ఉంటే ప్లాట్‌ఫారం దాకా తోడు వెళ్ళండి. ఇచ్ఛాపురం, పలాస లాంటి దగ్గర ఊళ్ళయితే బస్సు మేలు. మనిషిని ఎక్కించి, కండక్టరు చేతికే డబ్బిచ్చి, "వీరిని ఫలానా చోట దింపండి" అని చెప్పండి. కదిలిన బస్సులో టికెట్టు వెనక్కి ఇవ్వరు.

ఆకలి అన్నవాడికి అన్నం పెట్టించండి. ఒడిశాలో 2015 ఏప్రిల్ 1న మొదలైన ఆహార్ కేంద్రాల్లో మధ్యాహ్నం 5 రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు) పెడతారు. సరిహద్దు అవతల అన్న క్యాంటీన్లలోనూ పూటకు 5 రూపాయలే. హోటలైతే ప్లేటు ముందు కూర్చోబెట్టి, మీరే బిల్లు కట్టి రండి.

రక్తం పేరు చెబితే మరీ జాగ్రత్త. మన దేశంలో రక్తం అమ్మకం నేరం. "మూడువేలిస్తే రక్తమిస్తామన్నారు" అంటే, అడిగేవాడు అబద్ధమాడుతూ ఉండాలి, లేదా దళారి చేతిలో పడి ఉండాలి. రెండింటికీ మందు ఒకటే, బ్లడ్ బ్యాంకు కిటికీ దాకా కలిసి నడవడం. అక్కడ అడిగేది దాతను. మీరు ఇవ్వగలిగితే ఇవ్వండి, ఆ సాయాన్ని ఎవడూ మార్చుకుని తాగలేడు.

చావు పేరు చెప్పి అడిగితే మనకు నోరు పెగలదు. శవాన్ని ఊరికి తీసుకెళ్ళాలి, బండివాడు ఆరువేలు అడుగుతున్నాడు అంటారు. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చనిపోయినవాళ్ళను ఇంటికి చేర్చడానికి మహాప్రయాణ బండ్లు ఉచితం. బీదవాళ్ళకు దహన ఖర్చుకు హరిశ్చంద్ర సహాయత పథకం ఉంది, పల్లెలో 2,000, పట్టణంలో 3,000 రూపాయలు. ఈ రెండు పేర్లు చాలామంది తెలుగువాళ్ళకు తెలియవు. నిజంగా చావు జరిగిన ఇంటివాడికి ఈ పేర్లు చెప్పి, ఆసుపత్రి కౌంటరు దాకా తీసుకెళ్ళి ఒడియాలో రెండు ముక్కలు మాట్లాడటం మీ అయిదువందలకన్నా ఎక్కువ. బతికున్న రోగిని తేవడానికి 108 ఉచితం, గర్భిణులకూ చంటిపిల్లలకూ 102.

అయిదో పని: ఫోను చేతికివ్వకండి, మీరే చెయ్యండి

"ఫోన్ పోయింది, మా తమ్ముడితో ఒక్క మాట" అంటే నంబరు చెప్పమని మీరే నొక్కండి, స్పీకరు పెట్టండి. ఫోను అన్‌లాక్ చేసి చేతికిస్తే మీ మెసేజీలు, ఓటీపీలు అన్నీ ఇచ్చినట్టే. ఇంటికి ఫోను చెయ్యడమంత మంచి పరీక్ష ఇంకోటి లేదు. అవతలి నుంచి "ఎక్కడున్నావురా, తిన్నావా?" అన్న గొంతు వినబడితే సగం సంగతి తేలిపోతుంది. "ఇంట్లో ఎవరి నంబరూ గుర్తు లేదు" అన్నదాన్ని పూర్తిగా అబద్ధమనలేం. నాకూ మా ఆవిడ నంబరు తప్ప ఏదీ గుర్తుండదు.

ఇక కొత్త రకం. "మా వాళ్ళు మీకు ఫోన్‌పే చేస్తారు, మీరు నగదు ఇవ్వండి." నిజమైన అవసరంలో ఉన్నవాళ్ళూ ఇలా అడుగుతారు, అదే చిక్కు. డబ్బు పడినట్టు స్క్రీన్‌షాట్ చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి, మెసేజ్ కూడా నకిలీది పంపవచ్చు. మీ బ్యాంకు యాప్‌లో మీరే బ్యాలెన్సు చూసుకోండి. నిజంగా పడినా ఇంకో గొయ్యి ఉంది. అది ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బైతే, కేసు పడి మీ ఖాతా ఆగిపోతుంది. సాయం చేసినవాడు బ్యాంకు చుట్టూ తిరగాలి. ముక్కూమొహం తెలియనివాళ్ళకు నేనీ మార్పిడి చెయ్యను. కావాలంటే టికెట్టు కొనిస్తాను, తిరిగి ఇవ్వక్కర్లేదంటాను.

"పొరపాటున మీ నంబరుకు అయిదువేలు పంపాను" అనే ఫోనుకూ ఇదే. నిజంగా డబ్బు పడి ఉన్నా మీరు తిరిగి పంపకండి, "మీ బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి" అని చెప్పి, మీ బ్యాంకుకూ ఒక మాట తెలియజెయ్యండి. డబ్బు రావడానికి పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ లేదు. బ్యాలెన్సు చూసుకోవడానికి కాక పిన్ అడిగిందంటే డబ్బు మీ నుంచి పోతోంది. పోయిందని తెలిసిన నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చెయ్యండి. పొద్దున చూద్దాంలే అనుకుంటే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

రసీదు పుస్తకాలతో వచ్చేవాళ్ళు

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి ఉద్దానం కొబ్బరిని, ఇటు గజపతి జిల్లా కొండలను ఊడ్చేసింది. ఆ రోజుల్లో ఎన్నడూ చెయ్యి చాచనివాళ్ళు వచ్చి, నేల చూస్తూ అడిగారు. అప్పుడు ఏ ప్రశ్నా అడగలేదు, అడగకూడదు కూడా. వాళ్ళ వెనకే, ఇంకా చెట్లు తియ్యకముందే, నిగనిగలాడే రసీదు పుస్తకాలు కూడా వచ్చాయి.

రసీదు తెచ్చినవాడితో నేను చెప్పేది: "అడ్రసు ఇవ్వండి, రేపు ఆఫీసుకొచ్చి నేనే కడతాను." అసలు సంస్థ అయితే సంతోషంగా ఇస్తుంది. వసూలుబాబు అయితే "ఇప్పుడు ఎంతో కొంత రాయండి" అంటాడు. పైన ముందే రాసి ఉన్న పేర్లు, అయిదువందలు, వెయ్యి అంకెలు చూసి మొహమాటపడకండి. ఆ పేర్లన్నీ ఒకే చేతిరాతలో ఉన్నాయేమో చూడండి.

ఈ లెక్కలోకి రానివాళ్ళూ ఉన్నారు. సంక్రాంతికి వచ్చే హరిదాసు, గంగిరెద్దులవాళ్ళు, చైత్రంలో దండనాట అనే వ్రతనృత్యం చేసే బృందాలు, రెండేళ్ళకోసారి మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణీ యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి వేషం కట్టి ఇంటింటికీ వచ్చేవాళ్ళు. వాళ్ళను అవసరమా, మోసమా అని తూచడం మొదలుపెడితే మనకే మతి పోయిందంటారు. గుప్పెడు బియ్యం, పది రూపాయలు వెయ్యండి.

కాదనడం, పట్టుబడితే ఏం చెయ్యడం

కాదనాలంటే ఒక్క మాటలో అనండి. "ఇవ్వలేను అన్నా", ఒడియావాళ్ళయితే "పారిబి నాహి భాయినా". కారణాలు చెప్పకండి, ప్రతి కారణానికీ వాళ్ళ దగ్గర జవాబు ఉంటుంది. ఉపన్యాసం అసలొద్దు.

పిల్లవాడు అడుగుతుంటే డబ్బివ్వకండి. బిస్కెట్టు పేకెట్ విప్పి ఇచ్చి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. దారితప్పిన ముసలివాళ్ళ కోసం 14567, ఆడవాళ్ళకు ఆపదైతే 181, రైల్వే ఆవరణలో 139.

మోసమని తేలినా జనాన్ని పోగుచెయ్యకండి. నేను డబ్బా మూడోసారి గుర్తుపట్టిన రోజు గట్టిగా అరవబోయాను. పక్క షాపాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. బిడ్డను ఎత్తుకున్న కొత్త ఆడమనిషి, చుట్టూ గుంపు. "పిల్లల్ని ఎత్తుకుపోయేది" అని ఒక్కడు అంటే చాలు, చేతులు లేస్తాయి. ఆమెతో "మళ్ళీ ఈ రోడ్డుకు రాకమ్మా" అని మాత్రం చెప్పి, నాలుగు మందుల షాపులకు ఫోను చేశాను. బెదిరింపు, దొంగతనం వరకూ పోతే 112.

టికెట్టు వద్దన్న మనిషి

చివరగా, నా పద్ధతే నన్ను తప్పుదారి పట్టించిన సంగతి. మొన్న వానాకాలంలో ఒక పెద్దాయన అదే ప్రశ్నతో వచ్చాడు, "మీరు తెలుగువాళ్ళేనా?" అని. సోంపేట వెళ్ళాలి, ఎనిమిదివందలు కావాలి అన్నాడు. "టికెట్టు కొనిస్తాను, పదండి" అన్నాను. "వద్దు బాబూ, డబ్బే కావాలి" అన్నాడు. సోంపేటకు ఎనిమిదివందలేమిటి? సరే అని పంపేశాను. నా లెక్క ప్రకారం ఇంతకన్నా తేలిక కేసు లేదు.

మూడో రోజు అన్నం క్యారేజీ ఇవ్వడానికి వార్డుకు వెళ్తే ఆయన వరండాలో దుప్పటి కూడా లేకుండా పడుకుని ఉన్నాడు. ఆసుపత్రి వెనక అద్దె గదివాడికి ఎనిమిదివందలు బాకీ. బట్టల సంచీ, భార్య రిపోర్టులు ఆ గదిలోనే ఉన్నాయి. బాకీ ఉందని చెప్పడానికి సిగ్గుపడి ఊరికి అని చెప్పాడు. గదివాడి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. అయిదువందలకు ఒప్పుకున్నాడు, అది వాడి చేతికే ఇచ్చి సంచీ తీసుకున్నాం.

ఇప్పుడు వస్తువు వద్దన్నవాళ్ళను వెంటనే పంపెయ్యను. గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న వేస్తాను: "ఎక్కడైనా బాకీ ఉందా?" లేదని విసుక్కుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. ఉందన్నవాళ్ళతో బాకీవాడి దాకా నడిచి వెళ్తాను. షాపు అరగంట మూసినా ఫరవాలేదు, మా ఆవిడతో మాత్రం చెప్పను.